ప్రతిజ్ఞకూ పోలీసు కేసుకూ మధ్య: క్యాంపస్‌లలో మత్తు నివారణ ఎక్కడ ఆగిపోతోంది?

ఏటా జూన్ 26న, అంతర్జాతీయ మాదకద్రవ్యాల వ్యతిరేక దినం నాడు, తెలుగు రాష్ట్రాల్లోని ఇంజినీరింగ్ కళాశాలలూ విశ్వవిద్యాలయాలూ ర్యాలీలు తీస్తాయి, సెమినార్ హాల్లో విద్యార్థులను నిలబెట్టి కుడిచేయి చాపించి ప్రతిజ్ఞ చేయిస్తాయి, దగ్గరలోని స్టేషన్ నుంచి ఒక సీఐనో ఏసీపీనో పిలిపించి గంటసేపు మాట్లాడిస్తాయి. ఇది ఒక కొస. రెండో కొసన హాస్టల్ గదుల్లో సోదాలు, మూత్ర పరీక్ష కిట్లు, కేసులు, సస్పెన్షన్ ఉత్తర్వులు, పత్రికల్లో జిల్లా ఎడిషన్ వార్తలు ఉంటాయి. ప్రతిజ్ఞ చేసిన విద్యార్థి కేసు దాకా వెళ్లేది రాత్రికి రాత్రి కాదు. మొదట ఎవరో ఇచ్చిన రెండు దమ్ములు, తర్వాత వారాంతపు అలవాటు, ఆ తర్వాత తానే కొనుక్కోవడం, చివరికి నలుగురి దగ్గర డబ్బు పోగుచేసి తెచ్చిపెట్టడం. ఈ దారిలో నెలలు గడుస్తాయి, ఒక్కోసారి రెండు మూడు విద్యా సంవత్సరాలు గడుస్తాయి. ఆ మధ్యకాలంలో సంస్థ చేసే పని దాదాపు ఏమీ లేదు. నివారణ జరగాల్సింది మాత్రం సరిగ్గా అక్కడే.

ప్రభుత్వాలు ఏమీ చేయడం లేదని దీని అర్థం కాదు. ఆంధ్రప్రదేశ్ 2024 నవంబరులో 'ఈగల్' పేరుతో మాదకద్రవ్యాలను అరికట్టే ప్రత్యేక పోలీసు విభాగాన్ని ఏర్పాటుచేసి, సమాచారం ఇవ్వడానికి 1972 అనే ఫోను నంబరును ఇచ్చింది. తెలంగాణలో యాంటీ నార్కోటిక్స్ బ్యూరోగా ఉన్న విభాగం 2025 జూన్‌లో అదే 'ఈగల్' పేరు పెట్టుకుంది. అక్కడి నంబరు 1908. రెండు చోట్లా కళాశాలల్లో క్లబ్బులు, కమిటీలు పెట్టించారు. సరఫరా వైపు జరిగిన పనీ తక్కువేమీ కాదు. ఆంధ్ర–ఒడిశా సరిహద్దు కొండల్లో 'శీలావతి' రకం గంజాయి తోటలను నరికించడానికి 2021లో 'పరివర్తన' పేరుతో ఆపరేషన్ నడిచింది. 2022 ఫిబ్రవరిలో అనకాపల్లి దగ్గర సుమారు రెండు లక్షల కిలోల గంజాయిని తగలబెట్టారు. పంట పండే కొండలకూ వేలమంది చదివే క్యాంపస్‌లకూ మధ్య ఒక రాత్రి ప్రయాణమే దూరమైన రాష్ట్రంలో ఈ పని తప్పనిసరి. అయితే ఒక సరుకు దొరకడం కష్టమైనప్పుడు అలవాటు పడినవాడు మానుకోవడం కన్నా మరోదానికి మారడమే తరచుగా జరుగుతుంది. ఆకు పట్టుబడుతుంటే గంజాయి నుంచి తీసే హాష్ ఆయిల్ వస్తుంది, అది పట్టుబడుతుంటే గంజాయి కలిపిన చాక్లెట్లు కిరాణా కొట్టు దాకా వస్తాయి. చాక్లెట్ రూపం ముఖ్యంగా ప్రమాదకరం. పొగ పీల్చితే నిమిషాల్లో తెలిసే మత్తు, తిన్నప్పుడు అరగంట నుంచి రెండు గంటల దాకా తెలియదు. 'ఏమీ ఎక్కలేదు' అనుకుని మరొకటి తిన్న కుర్రాడు ఆ రెండింటి ప్రభావంతో అర్ధరాత్రి భయభ్రాంతుడై ఆసుపత్రికి చేరతాడు.

ఇంతవరకూ చెప్పినదంతా గంజాయి గురించే. క్యాంపస్ కార్యక్రమాల్లో వినిపించేదీ అదే. మద్యం ఊసు అక్కడ రాదు, వచ్చినా ఒక వాక్యంతో సరిపెడతారు. జాతీయ స్థాయి లెక్కలు చూస్తే ఈ మౌనం ఎంత అసంగతమో తెలుస్తుంది. ఎయిమ్స్‌లోని జాతీయ డ్రగ్ డిపెండెన్స్ చికిత్సా కేంద్రం నిర్వహించి 2019లో వెలువరించిన సర్వే ప్రకారం 10 నుంచి 75 ఏళ్ల మధ్య వయసువారిలో 14.6 శాతం మంది మద్యం తీసుకుంటున్నారు. గంజాయి, భంగు, చరస్ వంటివాటి వాడకం 2.8 శాతం. విద్యార్థి జీవితంలో మత్తు అనేది చాలా సందర్భాల్లో మద్యం సీసాతోనే మొదలవుతుంది. రెండు రాష్ట్రాల్లోనూ మద్యం కొనడానికి చట్టబద్ధమైన వయసు 21 ఏళ్లు, అంటే బీటెక్ విద్యార్థుల్లో అత్యధికులు నాలుగో సంవత్సరం దాకా ఆ వయసుకు చేరరు. వైన్ షాపు కౌంటరు దగ్గర వయసు అడిగే అలవాటు ఎంతవరకు ఉందో ఆ పక్కనే పర్మిట్ రూమ్‌లో కూర్చున్నవారిని చూస్తే తెలుస్తుంది.

ఇక పరిమాణం సంగతి. పుట్టినరోజు పార్టీలో 'మనిషికో క్వార్టర్' అనేది కుర్రాళ్ల మామూలు లెక్క, అదేదో మితమైన లెక్క అన్నట్టు. దాన్ని గ్రాముల్లోకి మార్చి చూడాలి. మన దగ్గర అమ్మే విస్కీ, బ్రాందీ, రమ్ములలో ఆల్కహాల్ సాధారణంగా 42.8 శాతం ఉంటుంది. 30 మిల్లీలీటర్ల చిన్న పెగ్గులో దాదాపు 10 గ్రాముల స్వచ్ఛమైన ఆల్కహాల్ ఉంటుంది. 180 మిల్లీలీటర్ల క్వార్టర్‌లో 60 గ్రాములు. ప్రపంచ ఆరోగ్య సంస్థ ఒకే దఫాలో 60 గ్రాములు, అంతకు మించి తీసుకోవడాన్ని హానికరమైన అతి తాగుడు కింద లెక్కిస్తుంది. కుర్రాళ్లు కనీస వాటాగా భావించేది వైద్యులు గీసిన ప్రమాద రేఖ మీదే కూర్చుంటోందన్నమాట. బీరు తాగేవారి భరోసాకూ ఆధారం తక్కువే: 8 శాతం స్ట్రాంగ్ బీరు పెద్ద సీసా ఒక్కటి దాదాపు 40 గ్రాములు. శరీరం గంటకు సుమారు 7 నుంచి 10 గ్రాముల ఆల్కహాల్‌నే ఖర్చు చేయగలదు కాబట్టి, రాత్రి పదకొండుకు క్వార్టర్ ముగించినవాడు తెల్లవారి ఏడు గంటలకు ల్యాబ్‌కు బండి తీస్తున్నప్పుడు కూడా రక్తంలో కొంత మిగిలే ఉండవచ్చు. ఈ చిన్న గణితాన్ని మొదటి సంవత్సరం ఓరియంటేషన్‌లో బోర్డు మీద వేసి చూపించే కళాశాల అరుదు. ప్రతిజ్ఞ కన్నా ఇది ఎక్కువగా గుర్తుండే అవకాశముంది, ఎందుకంటే ఎంట్రన్సు పరీక్షలు రాసి వచ్చిన పిల్లలకు లెక్క చెబితే అర్థమవుతుంది, నీతి చెబితే ఫోను తీస్తారు.

మద్యం గురించి మాట్లాడకపోవడానికి కారణం అజ్ఞానం కాదు. నెల్లూరు జిల్లా దూబగుంటలో 1992లో మొదలైన సారా వ్యతిరేక ఉద్యమం ఆ మరుసటి ఏడాది సారా నిషేధానికీ, 1995లో సంపూర్ణ మద్య నిషేధానికీ దారితీసింది. 1997లో ఆ నిషేధం సడలింది. అప్పటినుంచి ఎక్సైజు ఆదాయం ఖజానాకు ఎంత ముఖ్యమో ఏ పార్టీ ప్రభుత్వమైనా ఒకేలా చూసింది. గంజాయి మీద పోస్టరు అంటించడంలో ఎవరికీ ఇబ్బంది లేదు. క్యాంపస్ గేటుకు ఎదురుగా ఉన్న వైన్ షాపు మీద పోస్టరు అంటించాలంటే మాట్లాడాల్సినవారు చాలామంది ఉంటారు.

నివారణలో ఏది పనిచేస్తుందనే ప్రశ్నకు పరిశోధనలు ఇచ్చిన సమాధానాలు కొంత ఆశ్చర్యకరమైనవి. భయపెట్టే ఉపన్యాసాల ఫలితం చాలా తక్కువ. 1983లో లాస్ ఏంజెలెస్‌లో పోలీసులు పాఠశాలలకు వెళ్లి పాఠాలు చెప్పే 'డేర్' కార్యక్రమం మొదలై అమెరికా అంతటా వ్యాపించింది. తర్వాత జరిగిన అనేక పరిశీలనల్లో ఆ పాఠాలు విన్న పిల్లలకూ విననివారికీ పెద్దయ్యాక మత్తు వాడకంలో చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదు. మన సీఐగారి గంట ఉపన్యాసం అంతకన్నా చిన్నది. దీనికి భిన్నంగా, 1986లో పెర్కిన్స్, బెర్కోవిట్జ్ అనే ఇద్దరు పరిశోధకులు ఒక చిన్న అమెరికన్ కళాశాలలో గమనించిన విషయం ఇప్పటికీ ఉపయోగపడుతుంది. తోటివారు నిజంగా తాగేదానికన్నా ఎంతో ఎక్కువ తాగుతున్నారని విద్యార్థులు అనుకుంటారు, ఆ ఊహకు తగ్గట్టు తమ తాగుడు పెంచుకుంటారు.

ఈ గమనింపు మన హాస్టళ్లకూ బాగా వర్తిస్తుంది. ఇంటర్‌లో రెండేళ్లపాటు స్టడీ అవర్లు, ఔటింగ్ లేని హాస్టళ్లు, ఫోను లేని జీవితం గడిపి వచ్చిన పద్దెనిమిదేళ్ల కుర్రాడికి బీటెక్ మొదటి సెమిస్టర్లో ఒక్కసారిగా గది తాళం, బండి, యూపీఐ, ఖాళీ సాయంత్రాలు దొరుకుతాయి. 'బీటెక్‌లో అందరూ తాగుతారు' అన్న మాట అతను చేరకముందే వినుంటాడు. పైన చెప్పిన సర్వేలోనే దేశంలోని పురుషుల్లో మద్యం తాగేవారు 27.3 శాతం, స్త్రీలలో 1.6 శాతం. నలుగురు మగవాళ్లలో ఇంచుమించు ముగ్గురు తాగరు. ఇది విద్యార్థుల ప్రత్యేక లెక్క కాదు నిజమే, కానీ 'అందరూ' అన్న మాట అబద్ధమని చెప్పడానికి చాలు. ప్రతి కళాశాలా పేర్లు లేకుండా తన సొంత సర్వే చేసుకుని, తాగనివారు ఎంతమందో ఆ ఫలితాన్ని మెస్ గోడ మీద పెట్టగలదు. ఖర్చు లేని పని. చేయకపోవడానికి కారణం ఒక్కటే: సర్వే చేస్తే తాగేవారి సంఖ్య కూడా బయటపడుతుంది, అది వచ్చే ఏడాది అడ్మిషన్ల మీద పడుతుందని యాజమాన్యాల భయం.

అలవాటు ముదురుతున్న విద్యార్థిని గుర్తించడం ఎలా అన్నదానికి ఎర్రబడ్డ కళ్లు, గదిలో అగరబత్తీల వాసన, గంజాయి చుట్టుకునే ఓసీబీ పేపర్ల ప్యాకెట్లు అని చాలా జాబితాలు ప్రచారంలో ఉన్నాయి. వాటికన్నా నమ్మదగిన సాక్ష్యం ప్రతి సంస్థ దగ్గరా ఇప్పటికే ఉంది: హాజరు పట్టిక. జేఎన్‌టీయూ పద్ధతిలో 75 శాతం హాజరు ఉండాలి. 65కు పైన ఉంటే తగిన కారణం చూపి మినహాయింపు పొందవచ్చు, అంతకు తగ్గితే ఆ సెమిస్టర్ పోయినట్టే. మొదటి మిడ్ పరీక్షల దాకా 85 శాతం ఉన్న విద్యార్థి, ఆ తర్వాత ఉదయం మొదటి రెండు పీరియడ్లకు వరసగా రాకపోవడం మొదలైతే, అందులోనూ సోమవారాలు ఎక్కువగా పోతుంటే, దానికి మత్తే కారణం కానవసరం లేదు. ప్రేమ వైఫల్యం కావచ్చు, ఇంట్లో అప్పుల గొడవ కావచ్చు, ఆన్‌లైన్ బెట్టింగ్ కావచ్చు. ఏదైనా సరే, ఎవరో ఒకరు కూర్చోబెట్టి మాట్లాడవలసిన సమయం అదే. ఇరవై మందికో మెంటార్ అనే ఏర్పాటు చాలా కళాశాలల్లో కాగితం మీద ఉంది. కళాశాలలకు గ్రేడ్లు ఇచ్చే న్యాక్ బృందం వస్తోందంటే మెంటారింగ్ రిజిస్టర్లలో సంతకాలన్నీ ఒకే పెన్నుతో, ఒకే రోజున పూర్తవుతుంటాయని అధ్యాపకులే నవ్వుతూ చెప్పుకుంటారు. హాజరు తగ్గిందని ఇప్పుడు జరిగేది మాత్రం తల్లిదండ్రులకు ఆటోమేటిక్ ఎస్ఎంఎస్ పోవడం, హాజరు మినహాయింపుకు కట్టే కండోనేషన్ ఫీజు వసూలు కావడం.

మాట్లాడటం అంటే మందలించడం కాదు. విశ్వవిద్యాలయ విద్యార్థులపై బాగా పరీక్షకు నిలిచిన పద్ధతి ఒకటి ఉంది: ఒకటి రెండు దఫాల క్లుప్తమైన సంభాషణ. ప్రపంచ ఆరోగ్య సంస్థ రూపొందించిన 'ఆడిట్' ప్రశ్నావళిలో పది ప్రశ్నలుంటాయి. ఎంత తరచుగా తాగుతారు, ఒకసారికి ఎంత, మర్నాడు ముందురోజు సంగతి గుర్తులేకపోవడం జరిగిందా వంటివి. 8, అంతకు పైన మార్కులు వస్తే జాగ్రత్తపడాలని గుర్తు. ఆ ఫలితాన్ని విద్యార్థి ముందు పెట్టి, తన డబ్బు, చదువు, నిద్ర మీద దాని ప్రభావం ఏమిటో అతని నోటే చెప్పించి, తగ్గించడానికి అతనే ఒక లక్ష్యం పెట్టుకునేలా చేయడం ఆ సంభాషణ ఉద్దేశం. దీనికి మానసిక వైద్యుడే అక్కరలేదు, శిక్షణ పొందిన కౌన్సెలర్ చాలు.

అయితే విద్యార్థి ఆ గదికి రావాలి కదా. అసలు చిక్కు ఇక్కడుంది. చాలా క్యాంపస్‌లలో సాయం చేయవలసినవాళ్లూ శిక్ష వేసేవాళ్లూ ఒకరే. యాంటీ డ్రగ్ కమిటీలో ఉన్న అధ్యాపకుడే క్రమశిక్షణ కమిటీలో ఉంటాడు, కౌన్సెలర్ గది డీన్ ఆఫీసు పక్కనే ఉంటుంది, 'మీ సమస్య చెప్పుకోండి' అన్న పోస్టరు కింద ఉన్న ఫోను నంబరు పోలీసులది. గంజాయి మానలేకపోతున్నానని చెప్పుకుంటే టీసీ చేతికొస్తుందనుకునే విద్యార్థి నోరు విప్పడు. అతని మిత్రుడూ విప్పడు.

చట్టం నిజానికి ఇంత కఠినంగా లేదు. మాదకద్రవ్యాల కట్టడికి తెచ్చిన 1985 నాటి ఎన్‌డీపీఎస్ చట్టం 27వ సెక్షన్ కింద గంజాయి సేవించినందుకు గరిష్ఠ శిక్ష ఆరు నెలలు, లేదా పదివేల రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ. అదే చట్టంలో 64ఏ అనే సెక్షన్ ఉంది: సేవించిన కేసు గానీ స్వల్ప పరిమాణంలో దొరికిన కేసు గానీ ఎదుర్కొంటున్న వ్యసనపరుడు తనంతట తాను ప్రభుత్వ గుర్తింపు ఉన్న కేంద్రంలో చికిత్సకు ముందుకొచ్చి దాన్ని పూర్తిచేస్తే అతనికి ప్రాసిక్యూషన్ నుంచి రక్షణ ఉంటుంది, చికిత్స మధ్యలో వదిలేస్తే ఆ రక్షణ పోవచ్చు. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం మద్యం, డ్రగ్స్ వాడకం వల్ల వచ్చే మానసిక స్థితులను కూడా తన పరిధిలోకి తెచ్చుకుని, చికిత్స వివరాలను గోప్యంగా ఉంచే హక్కును ఇచ్చింది. కేసుల గురించి అవగాహన సదస్సుల్లో ఎన్ని ఏళ్ల జైలో గట్టిగా చెప్పేవారు ఈ రెండు సంగతులను కూడా అంతే గట్టిగా చెప్పాలి.

చట్టం కఠినంగా ఉన్నచోట మాత్రం విద్యార్థులకు అసలు అవగాహన లేదు. గంజాయి విషయంలో కిలో దాకా 'స్వల్ప పరిమాణం', 20 కిలోలు దాటితే 'వాణిజ్య పరిమాణం'. ఈ సంఖ్యలు విన్న కుర్రాడు చిన్న ప్యాకెట్టుతో ఏమవుతుందిలే అనుకుంటాడు. కాగితం ముక్కల మీద వేసి అమ్మే ఎల్ఎస్‌డీ అనే కృత్రిమ మత్తుపదార్థానికి ఆ స్వల్ప పరిమాణపు హద్దు 0.002 గ్రాములు, వాణిజ్య పరిమాణపు హద్దు 0.1 గ్రాము. తపాలా బిళ్లంత కాగితం ముక్కలు కొన్ని దగ్గరుంటే లెక్క ఎటు పోతుందో చెప్పలేం. వాణిజ్య పరిమాణం దాటితే కనీస శిక్ష పదేళ్లు, బెయిలు అతి కష్టం. ఇంకొకటి, నలుగురు స్నేహితుల దగ్గర ఫోన్‌పేలో రెండేసి వందలు వేయించుకుని అందరికీ కలిపి తెచ్చినవాడు తాను సాయం చేశాననుకుంటాడు. దర్యాప్తు అధికారి చేతిలో ఆ లావాదేవీల జాబితా అతన్ని అమ్మకందారుగా చూపుతుంది. తన గదిలో ఇవన్నీ జరుగుతున్నాయని తెలిసీ ఊరుకున్న పీజీ హాస్టల్ గదివాసి మీదా 25వ సెక్షన్ పడవచ్చు.

రాత్రిపూట అత్యవసర పరిస్థితి గురించి ప్రతి హాస్టల్‌లోనూ ఒక స్పష్టమైన నియమం ఉండి తీరాలి. అతిగా తాగి స్పృహ లేకుండా పడి ఉన్న స్నేహితుణ్ణి గదిలో దాచిపెట్టి, మజ్జిగ పట్టించి, నిమ్మరసం పోసి, నెత్తిన చన్నీళ్లు గుమ్మరించడం మన హాస్టళ్ల వైద్యం. స్పృహ లేనివాడి నోట్లో ఏది పోసినా ఊపిరితిత్తుల్లోకి వెళ్లే ప్రమాదముంది. వాంతి అడ్డుపడి ప్రాణం పోవచ్చు. పక్కకు తిప్పి పడుకోబెట్టి, ఒంటరిగా వదలకుండా 108కు ఫోను చేయడమే చేయవలసింది. మద్యంతో పాటు నిద్రమాత్రలో, నొప్పి మాత్రలో కలిశాయని అనుమానముంటే క్షణం ఆలస్యం చేయకూడదు, శ్వాస మందగిస్తుంది. పిల్లలకు ఇది తెలియకపోవడం సగం కారణమే, మిగతా సగం వార్డెన్ భయం. సాయం కోసం పిలిచినవారి మీదా, సాయం అందుకున్నవారి మీదా క్రమశిక్షణ చర్య ఉండదన్న విధానాన్ని 2002లో అమెరికాలోని కార్నెల్ విశ్వవిద్యాలయం అమలులోకి తెచ్చింది. ఆ తర్వాత అక్కడ అత్యవసర ఫోన్లు పెరిగినట్టు అధ్యయనంలో తేలింది. ఒక పేజీ సర్క్యులర్‌తో అయ్యే పని ఇది.

ఈమధ్య యాజమాన్యాలకు మూత్ర పరీక్ష కిట్ల మీద మోజు పెరిగింది. గంజాయి ఆనవాళ్లు అప్పుడప్పుడూ కాల్చేవారిలో కొద్ది రోజులు, రోజూ కాల్చేవారిలో నెల దాకా కనిపిస్తాయి. కనిపించాయంటే ఆ క్షణాన మత్తులో ఉన్నాడని కాదు. మామూలు కిట్లు ఎల్ఎస్‌డీని, చాలా కృత్రిమ మత్తుపదార్థాలను పట్టలేవు, కొన్నిసార్లు లేనిదాన్ని ఉన్నట్టు చూపుతాయి కూడా. ల్యాబులో నిర్ధారించుకోకుండా ఒక పట్టీ మీది గీతను చూసి విద్యార్థిని ఇంటికి పంపడం అన్యాయం. పైగా, పరీక్షకు దొరికే గంజాయిని వదిలి దొరకనిదానికి మారేలా ఆ కిట్టే నెట్టవచ్చు.

బీటెక్ ముగించి అమెరికాలో ఎంఎస్‌కు వెళ్లే తెలుగు విద్యార్థులు వేలల్లో ఉన్నారు కాబట్టి అక్కడి సంగతి కొంత చెప్పుకోవాలి. కాలిఫోర్నియా, న్యూజెర్సీ, ఇల్లినాయ్ వంటి రాష్ట్రాల్లో 21 దాటినవారు గంజాయిని దుకాణంలో కొనుక్కోవచ్చు. కానీ ఫెడరల్ చట్టం, అంటే దేశమంతటికీ వర్తించే కేంద్ర చట్టం దృష్టిలో అది నిషిద్ధమే, వలస నిబంధనలు నడిచేది ఫెడరల్ చట్టం మీదే. వాడానని అధికారి ముందు ఒప్పుకున్నా ఎఫ్–1 అనే విద్యార్థి వీసా ఉన్నవారికి చిక్కు రావచ్చు. తాగి బండి నడిపి అరెస్టయితే కోర్టు తీర్పు రాకముందే వీసా రద్దు కావచ్చు. ఇవి కన్సల్టెన్సీలవాళ్లు చెప్పరు.

అదే అమెరికాలో 1989 నాటి ఒక చట్టం, ఫెడరల్ నిధులు తీసుకునే ప్రతి విశ్వవిద్యాలయమూ మద్యం, డ్రగ్స్ విషయంలో తన నియమాలేమిటో, ఆరోగ్య ప్రమాదాలేమిటో, చికిత్స ఎక్కడ దొరుకుతుందో ఏటా ప్రతి విద్యార్థికీ రాతపూర్వకంగా ఇవ్వాలనీ, తన నివారణ కార్యక్రమం పనిచేస్తోందో లేదో రెండేళ్లకోసారి సమీక్షించుకోవాలనీ నిర్బంధించింది. అక్కడ తాగుడు తగ్గిపోయిందని ఎవరూ అనరు. కానీ పనిచేస్తోందా అన్న ప్రశ్న అడిగే బాధ్యతను సంస్థ మీద పెట్టడం మనకు ఇంకా అలవాటు కాలేదు. ఇక్కడ లెక్కకు వచ్చేవి ర్యాలీలో నడిచినవారి సంఖ్య, ప్రతిజ్ఞ చేసినవారి సంఖ్య, నమోదైన కేసుల సంఖ్య. కౌన్సెలర్ దగ్గరికి తమంతట తాము వచ్చిన విద్యార్థులెందరు, వారిలో సెమిస్టర్ పోగొట్టుకోకుండా నిలిచినవారెందరు, రాత్రి 108కు ఫోను చేసిన హాస్టల్ గదులెన్ని అన్నవి ఎక్కడా లేవు. నివారణ నిజంగా మొదలైన కళాశాలలో మొదటి ఒకటి రెండేళ్లు ఈ మూడు సంఖ్యలూ పెరుగుతాయి. పెరిగిన ఆ లెక్కను పాలకమండలి ముందు పెట్టి దీన్ని మంచి సూచనగా చూడండని చెప్పగల ప్రిన్సిపాల్, ఆ మాట విని కౌన్సెలర్ పోస్టును రెగ్యులర్ చేసే యాజమాన్యం ప్రస్తుతానికి చాలా తక్కువ. మానసిక సహాయానికి ఉన్న టెలీ మానస్ 14416, వ్యసన విముక్తికి ఉన్న 14446 అనే ఉచిత నంబర్లు రెండూ విద్యార్థి ఐడీ కార్డు వెనక అచ్చువేయడానికి మాత్రం ఏ పాలకమండలి ఆమోదమూ అక్కరలేదు.